మోకాలి కింద దిండు

"ఫలానా వారబ్బాయికి కాలు నొప్పిగా వుందట" అంటే, తీరిక చూసుకుని పలకరించి వద్దాం అనుకుంటాం. "ఫలానా వారమ్మాయికి నొప్పులు వస్తున్నాయట" అంటే మాత్రం చేతిలో పని చేతిలోనే వదిలి బండి కోసం పరుగెడతాం. ఒక్క బహువచనం వచ్చి చేరేసరికి మాట అర్థమే మారిపోయింది చూడండి. బాధ విషయంలో మన భాషకు వున్న సూక్ష్మం అంతా యింతా కాదు. పంటికి పోటు, పుండుకు సలుపు, కంటికి మంట, జ్వరం తగిలిన ఒంటికి తీపులు. తిరిగి తిరిగి యింటికి వస్తే కాళ్ళు పీకుతాయి. వంగి బిందె యెత్తబోతే నడుము కలుక్కుమంటుంది. నిప్పురవ్వ పడితే చురుక్కుమంటుంది. మోచెయ్యి తలుపుకు తగిలితే వేళ్ళ దాకా జివ్వుమంటుంది. వీటిలో ఒకదాని చోట మరొకటి నిలవదు. కాళ్ళు పీకుతున్నాయంటాం గాని కళ్ళు పీకుతున్నాయని యే తెలుగువాడూ అనడు.

ఇంత సంపద వుండీ, ఆస్పత్రి మంచం మీద వున్నవాణ్ణి డాక్టరు గారు "ఎలా వుందయ్యా?" అని అడిగితే, "నొప్పండీ" అని వూరుకుంటాం. లేకపోతే పెద్దమనిషి తరహాగా "పర్వాలేదండీ" అంటాం. ఈ రెండు జవాబుల్లో యేదీ ఆయనకు పనికిరాదు.

ఈ వారం యీ సంగతి యెత్తుకోవడానికి కారణం మా మేనల్లుడి యెడమ మోకాలు. వాడు ఇంజనీరింగు చదువుతూ, చదువుకంటె యెక్కువ శ్రద్ధగా కబడ్డీ ఆడుతూ వుంటాడు. కూతకు వెళ్ళి గీత వైపు మళ్ళే తొందరలో, పాదం నేలను పట్టుకునే వుంది, పైనున్న మనిషి మాత్రం తిరిగాడు. లోపల టప్పుమన్న చప్పుడు వాడికే వినబడిందట. సాయంకాలానికి మోకాలు కొబ్బరికాయంత అయింది. ఒకరు వచ్చి గుద్దనక్కరలేదు, కాలు విరగనక్కరలేదు. పరుగు మధ్యలో యిటువంటి మెలిక ఒక్కటి చాలు. కబడ్డీలోనూ, ఫుట్‌బాలులోనూ చాలా మోకాళ్ళు యిలాగే పోతున్నాయి.

మోకాలి లోపల, తొడ యెముకకూ కింది యెముకకూ మధ్య రెండు పట్టీలు కత్తెర కాళ్ళలా ఒకదాన్నొకటి దాటుకుంటూ వుంటాయి. ముందున్న దాని పూర్తి పేరు యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంటు. ఆస్పత్రుల్లో అందరూ ఏ.సీ.ఎల్. అంటారు. పొడవు మూడు సెంటీమీటర్లకు అటూ యిటూ. కింది యెముక ముందుకు జారకుండా, మోకాలు మెలిపడకుండా కాపాడేది అదే. చర్మం తెగితే కుట్టు వేస్తే అతుక్కుంటుంది. కాని యిది కీలులోని జిగట నీటిలో వుంటుంది కనుక, తెగిన చోట నెత్తురు గడ్డకట్టి అతుకు పడే అవకాశం తక్కువ. 1895లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జను ఒక గని కార్మికుడికి తెగిన పట్టీలను కుట్టి చూశాడు. 1917లో బ్రిస్టల్ నగరపు హే గ్రోవ్స్, తొడ మీది గట్టి పొరనుంచి ఒక పట్టీ తీసి దాన్నే కొత్త లిగమెంటుగా అమర్చాడు. ఇప్పుడు నడుస్తున్నది ఆ రెండో దారి. తొడ వెనక కండరాల చివర వుండే తాళ్ళనుంచి గాని, మోకాలి చిప్ప కిందనుంచి గాని, పైనుంచి గాని ముక్క తీసి, రెండు యెముకల్లోనూ సొరంగాలు తొలిచి, సూదిలో దారం యెక్కించినట్టు యెక్కించి బిగిస్తారు. పైకి కనిపించేవి నాలుగు చిన్న గాట్లు. అందుకే చూడవచ్చినవాళ్ళు "ఇంతేనా?" అని పెదవి విరుస్తారు. లోపల యెముక తొలిచారనీ, మరో చోట తాడు కోసుకొచ్చారనీ వాళ్ళకు తెలియదు.

ఆపరేషను అయిన సాయంకాలం మా వాడు అందరికంటె హుషారుగా వున్నాడు. "మామయ్యా, యేదో అన్నారు గాని, నొప్పే లేదు" అన్నాడు. తొడలో నరం దగ్గర మందు యెక్కించి కాలిని మొద్దుబార్చారు. ఆ హుషారు ఆ మందుది. రాత్రి యెనిమిదింటికి నర్సు మాత్రలు పట్టుకొచ్చింది. మా అక్కయ్య అడ్డుపడింది: "లేదంటున్నాడుగా సిస్టరమ్మా, వచ్చినప్పుడు వేద్దాంలే." ఆ అమ్మాయి నవ్వి, "ఇవి యిప్పటి నొప్పికి కాదండీ, తెల్లవారుజామున రాబోయేదానికి" అంది.

ఆ ఒక్క ముక్కలో సగం శాస్త్రం వుంది. నరానికి యిచ్చిన మందు ప్రభావం చాలామందిలో పన్నెండు గంటలనుంచి ఒక రోజు లోపల దిగిపోతుంది. దిగేటప్పుడు మెట్లు దిగినట్టు దిగదు, గోడ దూకినట్టు దూకుతుంది. అప్పుడు కళ్ళు నులుముకుని మాత్ర వెతికి మింగితే, అది పనిచెయ్యడానికి అరగంటో గంటో కావాలి. ఆ గంట చాలా పెద్దది. పైగా ఒకసారి బాగా పెరిగిన నొప్పిని దించడం, పెరగకుండా పట్టడం కంటె కష్టం. కనుక మొదటి మూడు నాలుగు రోజులు మాత్రలు గడియారం చూసి వెయ్యాలి గాని, మొహం చూసి వెయ్యకూడదు. తరవాత డాక్టరు గారు చెప్పిన క్రమంలో ఒక్కొక్కటే తగ్గించుకుంటూ రావడమే.

"ఓర్చుకుంటే పోయేదానికి యిన్ని మందులా? అలవాటు పడిపోడూ?" అని మా అక్కయ్య బెంగ. ఆవిడ ఒక్కర్తే కాదు, మన యిళ్ళల్లో చాలామంది తల్లులు యిలాగే అంటారు. ఓర్పును మనం ఒక ఆస్తిగా చూస్తాం. తరగతిలో కర్ణుడి కథ వచ్చినప్పుడల్లా నేను గమనిస్తూ వుంటాను. గురువు తన ఒడిలో తల పెట్టి నిద్రపోతున్నాడని, పురుగు తొడ తొలుస్తున్నా కదలకుండా కూర్చున్నాడంటే పిల్లల కళ్ళు మెరుస్తాయి. ఆ ఓర్పుకు పరశురాముడు యిచ్చినది దీవెన కాదు, శాపం అన్నది పరీక్షలో కూడా కొందరికి గుర్తు రాదు.

అలవాటు సంగతి విడమరచి చెప్పుకోవాలి. పారాసిటమాలు అలవాటు పడేది కాదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ వంటి వాపు తగ్గించే మందులూ ఆ జాతివి కావు. వాటితో వచ్చే చిక్కు వేరు. కడుపులో పుండు వున్నవారూ, మూత్రపిండాల జబ్బు వున్నవారూ, వుబ్బసం వున్నవారూ డాక్టరుకు ఆ మాట చెప్పకుండా వాటి జోలికి పోకూడదు. భోజనం అయ్యాక వేసుకోమనడం కడుపు కోసమే. అలవాటు పడే భయం వున్నవి ట్రమడాల్ వంటి గట్టి మందులు. అందుకే వాటిని కొద్ది రోజులకే రాస్తారు. అవి తలతిప్పు, వాంతి, మలబద్ధకం కూడా వెంట తెస్తాయి. ఆ రోజుల్లో మజ్జిగ, పళ్ళు, ఆకుకూర, మంచినీళ్ళు పుష్కలంగా పుచ్చుకోవాలి.

గృహిణులు చూసుకోవలసిన మెలిక మరొకటి వుంది. మందుల చీటీలో పారాసిటమాలు విడిగా వుంటుంది. ఎసెక్లోఫెనాక్ అని రాసిన మరో మాత్రలోనూ చాలాసార్లు పారాసిటమాలు కలిసే వుంటుంది. మధ్యలో జలుబు చేసిందని దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలో మళ్ళీ అదే! పెద్దవాళ్ళకు యిరవైనాలుగు గంటల్లో 4 గ్రాములు దాటకూడదని దానికి హద్దు. బక్కపలచని వాళ్ళకూ, కాలేయం జబ్బు వున్నవాళ్ళకూ, మద్యం అలవాటు వున్నవాళ్ళకూ ఆ హద్దు యింకా కిందికే. కనుక అట్ట మీద పెద్ద అక్షరాల పేరు కాదు, కింద చీమతలకాయంత అక్షరాల్లో వున్నది చదవాలి. కళ్ళజోడు లేకపోతే పిల్లల చేత చదివించండి.

ఇక దిండు సంగతి. యింటికి వచ్చిన రెండో రోజున మా అక్కయ్య, కొడుకు ముక్కుతూ పడుకోవడం చూడలేక, బూరుగు దూది దిండు ఒకటి తెచ్చి మోకాలి కింద వుంచింది. వాడి మొహం విచ్చుకుంది. "అమ్మా, హాయిగా వుందే" అన్నాడు. నిజంగానే హాయిగా వుంటుంది. వాచిన మోకాలికి కొంచెం వంగి వుండడమే సుఖం. లోపలి నీటికి చోటు దొరుకుతుంది, బిగువు తగ్గుతుంది. మర్నాడు వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి గుమ్మంలోంచే చూసి, పలకరింపులైనా కాకుండా వచ్చి ఆ దిండు లాగేసింది. పక్కనున్న తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టింది. మోకాలి కింద గాలి తప్ప మరేమీ లేదు. "అబ్బా! మేడమ్!" అని వాడు, "అయ్యో, వాణ్ణి చంపకమ్మా" అని అక్కయ్య.

ఆ అమ్మాయి చెప్పినది యిది. ఈ ఆపరేషను తరవాత మొదటి వారాల్లో సంపాదించవలసింది మోకాలు పూర్తిగా చాపగలగడం. వంపు తరవాతైనా వస్తుంది. చాపు తొందరగా రాకపోతే ఆ వంకరలోనే లోపల మచ్చ గట్టిపడి కాలు అలా వుండిపోతుంది. ఐదారు డిగ్రీలు లోటు వున్నా నడకలో కుంటు తెలుస్తుంది, మోకాలి ముందు నొప్పి వదలదు. దాంతోపాటు మరో చిత్రం జరుగుతుంది. కీలులో వాపు వున్నంతసేపు తొడ ముందరి పెద్ద కండరం పనిచెయ్యడం మానేస్తుంది. మనిషి బిగించమని చెబుతాడు, అది వినదు. మా వాడు తొడ వంక కళ్ళు పెద్దవి చేసి చూస్తూ బిగించబోతే, పక్క కాలు బిగుసుకుంది! నాలుగో రోజుకు గాని అసలు కాలు మాట వినలేదు.

నొప్పి మాత్రలు యెందుకన్నది యిక్కడ తేలుతుంది. హాయిగా పడుకోవడానికి మాత్రమే అయితే దిండు చాలు. మడమ కింద తువ్వాలు భరించడానికి, కండరం బిగించడానికి, పాదం పైకీ కిందికీ ఆడించడానికి, కాలు చాచి యెత్తడానికి మాత్ర కావాలి. అందుకే వ్యాయామం వేళకు ముప్పావుగంట ముందు మాత్ర పడేటట్టు ఆ అమ్మాయి వేళలు సర్దింది. మందు మానేసి ఓర్పుతో కదలకుండా పడుకున్నవాడికంటె, వేళకు మందు వేసుకుని కాలు చాపినవాడే ముందు నడుస్తాడు. (మధ్యలో వుండే మెత్తను, అంటే మెనిస్కస్‌ను, కూడా కుట్టివుంటే యెంత వంచాలి, యెంత బరువు వెయ్యాలి అన్న లెక్కలు వేరు. పక్కింటివాడి లెక్క మీకు వర్తించదు సుమండీ.)

మంచు సంగతి క్లుప్తంగా చెబుతాను. పదిహేను, యిరవై నిమిషాలు, మధ్యలో గుడ్డ వేసి, రోజులో చాలాసార్లు. కాలు మొద్దుబారి వున్న మొదటి రోజున మరింత జాగ్రత్త. చలి కాల్చినా తెలియదు. కాలు గుండె కంటె యెత్తున వుండాలి, కాని చాచి వుండాలి.

నర్సులు నొప్పికి పదికి యెంత అని అడుగుతారు. ఏమీ లేకపోతే సున్న, భరించరానిదైతే పది. మార్కులు వెయ్యడం నాకు వృత్తి గనుక యిది సరదాగా తోచింది. తక్కువ వస్తే ప్యాసయ్యే పరీక్ష యిదొక్కటే. మా వాడు "ఆరు" అంటే, పక్కనున్న వాళ్ళ నాయనమ్మ "పదికి పన్నెండు వెయ్యమ్మా, పసివాడు చెప్పుకోలేడు" అంది. సున్న రప్పించడం వాళ్ళ ధ్యేయం కాదు. రాత్రి నిద్ర పట్టి, పగలు కాలు కదిపే అంతకు దిగితే చాలు. ఈవేళ చేసిన వ్యాయామానికి నొప్పి కొంచెం రేగి గంటా రెండు గంటల్లో చల్లారితే సరే. మర్నాడు పొద్దుటికి వాపు పెరిగితే మోతాదు మించిందన్నమాట.

కాని యెంత అన్నది తెలిస్తే సరిపోదు, యెలాంటిది అన్నది కూడా తెలియాలి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, బాధను చెప్పడానికి వాడే మాటలు 78 యేర్చి, 20 గుంపులు చేసి 1975లో ఒక ప్రశ్నావళి ప్రకటించాడు. ఏ మాట ఎంచుకున్నారన్నదాన్ని బట్టి వైద్యుడికి దారి దొరుకుతుంది. తెలుగులో అటువంటిది మనకు మనమే చేసుకోవచ్చు, ముడి సరుకు వంటింట్లోనే వుంది. మా వాడి చేత నేను చేయించినది అదే. ఫోనులో రోజూ అంకెతోపాటు ఒక మాట రాయించాను.

మంచం దిగి కాలు కిందికి వేలాడదీయగానే వచ్చేది సలుపు. నెత్తురు ఒక్కసారిగా దిగి వాచిన చోట కొట్టుకుంటుంది. కాలు పైకి పెడితే తగ్గుతుంది, భయం లేదు. కాలు చాపేటప్పుడు మోకాలి వెనక వచ్చేది లాగుడు. అది రావలసిందే. తొడ వెనకనుంచి తాడు తీసినవాళ్ళకు, కొన్ని వారాల తరవాత కూడా, చెప్పు తొడుక్కోబోతే ఆ చోట కలుక్కుమంటుంది. చిప్ప కిందనుంచి తీసినవాళ్ళకు మోకాళ్ళ మీద కూర్చుంటే ముందు భాగం పోటెత్తుతుంది; పూజలో సాష్టాంగపడేవాళ్ళూ, నేల మీద కూర్చుని కూరలు తరిగేవాళ్ళూ ఆపరేషనుకు ముందే యీ సంగతి సర్జనుతో మాట్లాడుకోవడం మంచిది. గాటు పక్కన అరచేతి మేర చర్మం తిమ్మిరిగా, మొద్దుగా వుండడం కూడా మామూలే. అక్కడి సన్నని నరపు కొమ్మ దెబ్బతింటుంది. నెలల మీద ఆ మేర తగ్గుతుంది, కొందరికి కాస్త మిగిలిపోతుంది.

వీటిలో చేరనివి కొన్ని వున్నాయి, అవి రాత్రయినా ఆగకూడనివి. పిక్కలో గట్టిగా, నొక్కితే ప్రాణం పోయేటట్టు నొప్పి, దానితో వాపు వుంటే లోపల నెత్తురు గడ్డ కట్టిందేమో చూడాలి. దానికి ఆయాసమో, గుండెలో పోటో తోడైతే ఫోను కూడా వద్దు, నేరుగా ఆస్పత్రికే. తగ్గుతూ వచ్చిన నొప్పి తిరగబడి, జ్వరం, యెరుపు, రసి కనిపిస్తే చీము పడుతోందని అనుమానించాలి. మందులకు లొంగకుండా కాలు బిగుసుకుపోతూ, వేళ్ళు చల్లబడి స్పర్శ పోతూ వుంటే ఒక్క గంట కూడా తాత్సారం పనికిరాదు. "పర్వాలేదండీ" అనే మర్యాదస్తులు ప్రమాదంలో పడేది యిక్కడే.

మన యింటి వైద్యం సంగతీ చెప్పాలి. నొప్పి అనగానే మనకు తోచేది కాపడం. బాలింతకు వావిలాకు నీళ్ళు, నడుముకు యిటుక కాపు. వాటి చోట అవి మంచివే. కొత్తగా ఆపరేషనైన మోకాలికి వేడి తగిలిస్తే వాపు పెరుగుతుంది. పిక్కకు నూనె పట్టించి మర్దన చేస్తామని వచ్చే చేతివాటపు పెద్దలను మర్యాదగా కాఫీ యిచ్చి పంపండి. లోపల గడ్డ వుంటే అది కదలడం ప్రాణం మీదికి వస్తుంది. ఇక పప్పు తింటే చీము పడుతుందన్న పథ్యం. కండరం తిరిగి కట్టుకోవలసిన రోజుల్లో పప్పూ గుడ్డూ మానిపించి చారన్నం పెడితే యిల్లు యేదిచ్చి కట్టమంటారు? మా అక్కయ్య గుడ్డుకు ఒప్పుకుంది గాని పప్పుకు యింకా ఒప్పుకోలేదు.

పరామర్శకులు వేరే జబ్బు. "మా తోడల్లుడికీ యిదే, యిప్పటికీ కుంటుతూనే వున్నాడు" అని మొదలుపెట్టేవారు రోజుకొకరు వుంటారు. ఇది వుత్త మాటే గదా అనుకోకండి. మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1965లో ఒక సిద్ధాంతం చెప్పాడు. వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారం లాంటిది వుందనీ, స్పర్శ దాన్ని కొంత మూస్తుందనీ, పైనుంచి మెదడు కూడా దాన్ని మూయగలదనీ, తెరవగలదనీ. పసివాడు పడితే తల్లి ఆ చోట రుద్దడం మూయడం అయితే, తోడల్లుడి కథ చెప్పడం తెరవడమన్నమాట. నిద్ర చాలకపోయినా, భయం పట్టినా అదే మోకాలు యెక్కువ నొస్తుంది. మా వాడి గదిలో సాయంకాలం అరగంటకు మించి యెవరినీ కూర్చోనివ్వలేదు. ఆ కాపలా నాదే. రెండు కుటుంబాలవారు నొచ్చుకున్నారు కూడాను.

రెండు వారాలకు గట్టి మాత్రలన్నీ పోయాయి. ఆరు వారాలకు కర్ర పోయింది. ఇప్పుడు మూడో నెల, నొప్పి అన్న మాటే లేదు. అసలు చిక్కు యిప్పుడే వచ్చింది. అమర్చిన పట్టీ శరీరంలో కలిసిపోయేటప్పుడు మొదట కొంతకాలం బలహీనపడి, తరవాత మెల్లగా బలపడుతుంది. ఆ బలహీనమైన రోజులూ, నొప్పి తగ్గిపోయిన రోజులూ యించుమించు ఒక్కటే. ఆపడానికి నొప్పి లేదు, ఆగవలసిన అవసరం మాత్రం వుంది. తొమ్మిది నెలలు నిండి, రెండు కాళ్ళ బలం కొలిచి చూస్తే గాని ఆటకు పంపమన్నారు డాక్టరు గారు. మా వాడు లెక్కపెట్టి కూర్చున్నాడు. కబడ్డీ సరే, కనీసం మోటారు సైకిలైనా తియ్యనివ్వమంటున్నాడు. గేరు మార్చేది యెడమ కాలే. డాక్టరు గారిని వచ్చే వారం అడుగుదామని చెప్పాను. బండి తాళం బియ్యం డబ్బాలో అడుగున వుందని యీ పత్రికలో రాసినా భయం లేదు. వాడు తెలుగు పత్రిక తెరవడు.